నలుపుకు పోసిన డబ్బు

చేపల వేట పిచ్చి పట్టినవాడు రాడ్డు మీద, రీలు మీద, దారం మీద ఎంతైనా తగలేస్తాడు. కళ్ళద్దాల దగ్గరికొచ్చేసరికి బేరం మొదలుపెడతాడు. నేనూ ఆ బాపతే. రాడ్డు కొనేటప్పుడు దాని వంపు ఎంత, కొస ఎంత మెత్తన అని దుకాణదారుణ్ణి గంటసేపు విసిగించిన నేను, కళ్ళద్దాలు మాత్రం సిగ్నల్ దగ్గర బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే కొన్నాను. వాటి మీద ‘పోలరైజ్డ్’ అని గుండ్రటి స్టిక్కరు ఉంది. అద్దం నల్లగా నిగనిగలాడుతోంది. అంతకంటే ఏం కావాలనుకున్నాను. తర్వాత కొన్నేళ్ళకి, చేతిలో కాస్త డబ్బు ఆడాక, బాగా ఖరీదైన విదేశీ జత తెప్పించుకున్నాను. అదీ తప్పే అయింది. ఈ రెండు కొనుగోళ్ళకీ ధరలో తప్ప తేడా లేదు. రెండుసార్లూ నేను డబ్బు పోసింది నలుపుకే.

నేను ఎక్కువగా వెళ్ళేది నల్గొండ వైపు చెరువులకి, కొర్రమీను కోసం. చెరువు మీద హక్కున్న మత్స్య సహకార సంఘం వాళ్ళని అడిగి, వాళ్ళు ఊఁ అన్న చోటే గాలం వేస్తాను. కొర్రమీను తీరు వేరు. బొచ్చె, రోహుల్లా పిండిముద్దకి వచ్చి చిక్కే రకం కాదు. దానికి మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది కాబట్టి, కాసేపటికోసారి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి వెళ్ళక తప్పదు. మిగతా వేళంతా తామరాకుల సందుల్లో, తుంగ మొదళ్ళలో, గుర్రపుడెక్క అంచున, మోకాలి లోతు నీళ్ళలో కదలకుండా పడి ఉంటుంది. రబ్బరు కప్పని ఆకుల మీదుగా గెంతిస్తూ దాని ముక్కు ముందు నుంచి లాగాలి. చేప ఎక్కడుందో కనిపిస్తే కాసేపట్లో తేలిపోయే పని. కనిపించకపోతే పొద్దుగూకేదాకా చెరువుని రబ్బరు కప్పతో కొడుతూ కూర్చోవాలి. చెయ్యి ఎంత తిరిగినదైనా, ఈ వేటలో ముందు పడాల్సింది కన్ను.

నా నల్లద్దాల్లోంచి నాకు కనిపించింది చెరువు కాదు, చెరువులో పడ్డ ఆకాశం. తెల్లటి తళతళ కాస్తా బూడిదరంగు తళతళ అయింది, అంతే. నీటి అడుగు, అద్దాలు లేనప్పటికన్నా తక్కువే కనిపించేది. అయినా తప్పు అద్దాలదని తోచలేదు. నీళ్ళు బాగాలేవు అన్నాను. రాడ్డు మార్చాను. కప్ప రంగు మార్చాను. ఈ చెరువులో కొర్రమీను అయిపోయిందని ఒక స్నేహితుడికి ఫోన్లో తీర్పు కూడా చెప్పేశాను.

ఆ చెరువు మీదే బతికే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కాకా అంటాను. థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వల సవరించుకుంటూ నా అవస్థ చూశాడు.

“సారూ, గా ఆకుల పక్కన రెండున్నయ్. కనవడ్తలేవా?”

“ఎక్కడ కాకా?”

“గా నల్లద్దాలు తీసి సూడు. అవి ఎండకు పెట్టుకునేటియి. నీళ్ళకు గావు.”

తీసి చూసినా నాకు కనిపించలేదు, అది వేరే సంగతి. ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటైన నీళ్ళవి. ఆయన చూసే పద్ధతి తర్వాత గమనించాను. సూర్యుణ్ణి వీపుకి పెట్టుకుంటాడు. నీడ మాత్రం చేప మీద పడనివ్వడు. అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టి, తెప్ప మీద లేచి నిలబడి, మెల్లగా నడుం వంచుతూ లేపుతూ, నీరు తేటపడే చోటు దొరికేదాకా తల ఎత్తు మారుస్తాడు. ఆయనకి తెలియకుండానే ఆయన మెడ కొంత భౌతికశాస్త్రం చేస్తోంది.

కొనకముందు చదవాల్సింది కొన్నాక చదవడం నాకు మొదటి నుంచీ ఉన్న గుణం. సూర్యుడి వెలుతురు అన్ని దిక్కుల్లోనూ ఊగుతూ వస్తుంది. నీటి మీద ఏటవాలుగా పడి తిరిగొచ్చేదాంట్లో మాత్రం అడ్డంగా ఊగే భాగమే ఎక్కువ. మన కళ్ళలో పొడిచే తళతళ అదే. పోలరైజ్డ్ అద్దంలో ఒక పల్చటి పొర ఉంటుంది. నిలువు ఊచల కిటికీలోంచి నిలువుగా పట్టుకున్న బద్ద దూరిపోయి అడ్డంగా పట్టుకున్నది ఆగిపోయినట్టు, ఆ పొర నిలువుగా ఊగేదాన్ని పోనిచ్చి అడ్డంగా ఊగేదాన్ని ఆపేస్తుంది. నీటి లోపల నుంచి, చేప ఒంటి మీద నుంచి వచ్చే వెలుతురు ఇలా ఒకే దిక్కుకి సర్దుకున్నది కాదు కాబట్టి అందులో కొంత తప్పకుండా మన కంటిదాకా వస్తుంది. మామూలు నల్లద్దం ఈ తేడా ఎరగదు. అది చేపనీ తళతళనీ ఒకే పాళ్ళలో తగ్గిస్తుంది. అలాంటప్పుడు అద్దం ఎంత నల్లగా ఉంటే చేప అంత తక్కువగా కనిపిస్తుంది. ఇంత చిన్న విషయం నాకు అర్థం కావడానికి ఒక వేసవి పూర్తిగా ఖర్చయింది.

దీని వెనక ముచ్చటైన కథ ఉంది. 1808లో పారిస్‌లో ఎతియెన్ లూయీ మాల్యూస్ అనే ఇంజనీరు, ఎదురుగా లక్సెంబర్గ్ భవనం కిటికీల మీద మెరుస్తున్న సాయంకాలపు ఎండని ఒక స్ఫటికంలోంచి చూస్తూ, స్ఫటికాన్ని తిప్పేకొద్దీ ఆ మెరుపు హెచ్చుతగ్గులవుతోందని గమనించాడు. 1815లో స్కాట్లాండ్‌కి చెందిన డేవిడ్ బ్రూస్టర్, తిరిగొచ్చే వెలుతురు ఏ కోణం దగ్గర పూర్తిగా ఒక దిక్కుకి సర్దుకుంటుందో సూత్రం రాశాడు. స్ఫటికంతో పని లేకుండా ఆ గుణాన్ని పల్చటి షీట్లలోకి తెచ్చినవాడు అమెరికాలో ఎడ్విన్ లాండ్. 1929లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. 1930లలోనే అది కళ్ళద్దాల్లోకి ఎక్కింది. చెరువు గట్టు మీద నిలబడేవాడికి వీళ్ళ ముగ్గురిలో ఎక్కువ పనికొచ్చేవాడు బ్రూస్టర్.

ఎందుకంటే నీటికి ఆయన కోణం నిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీలు. గట్టు మీద నిలబడ్డప్పుడు కన్ను నీటిమట్టానికి 3 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, దాదాపు 4 మీటర్ల దూరంలో ఉన్న నీటి దగ్గర అద్దం తన పూర్తి బలం చూపిస్తుంది. అటూ ఇటూ కొంతమేర బాగానే పనిచేస్తుంది. బాగా దూరం పోయేకొద్దీ తళతళ మళ్ళీ మొదలవుతుంది. నేరుగా కాళ్ళ కిందకి చూస్తే అద్దం ఉన్నా లేకున్నా ఒకటే. చెరువు అవతలి ఒడ్డు దాకా అద్దం తేటపరుస్తుందని ఆశపడి, పరచలేదని తిట్టుకున్నవాణ్ణి నేను. నీటి అంచున చాప వేసుకుని కూర్చునేవాణ్ణి కూడా. అలా కూర్చుంటే కన్ను నీటికి మీటరు ఎత్తులోనే ఉంటుంది, తేటపడేది పక్కనున్న కొద్దిపాటి నీరే. ఇప్పుడు ఎత్తైన చోటు చూసుకుని నిలబడతాను. తలని కుడికో ఎడమకో కొద్దిగా వాలిస్తే ఒక్కోసారి ఇంకాస్త తేటపడుతుంది. ఎవరైనా చూస్తే మెడ పట్టేసిందనుకుంటారు, అనుకోనివ్వండి.

ఇక నా సిగ్నల్ అద్దాల సంగతి. స్టిక్కరు అబద్ధం కాదు, అదే తమాషా. దుకాణాల్లో ఒక చిన్న కార్డు ఇస్తారు, మామూలు కంటికి ఖాళీగా ఉంటుంది, పోలరైజ్డ్ అద్దంలోంచి చూస్తే బొమ్మ కనిపిస్తుంది. నా అద్దం ఆ పరీక్ష నెగ్గింది. కానీ ఒక కన్ను నెగ్గినంతగా రెండో కన్ను నెగ్గలేదు. ఫోన్ తెర వెలిగించి, అద్దాన్ని దాని ముందు మెల్లగా తిప్పి చూస్తే, ఎడమ అద్దం ఒక వంపు దగ్గర చీకటి పడితే కుడి అద్దం ఇంకో వంపు దగ్గర పడింది. రెండు పొరల్నీ ఒకే దిక్కుకి బిగించలేదన్నమాట. ఒక కంటికి తళతళ కొంత తగ్గి, రెండో కంటికి అలాగే మిగిలి, మధ్యాహ్నానికల్లా కణతలు లాగేస్తుంటే నేను ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగేవాణ్ణి.

అందుకని ఎవరు అడిగినా నేను కార్డు సంగతి చెప్పను. ఫోన్ తెర ముందు తిప్పమంటాను. రెండు అద్దాలూ ఒకేసారి చీకటి పడాలి, ఒకేసారి తేరుకోవాలి. తర్వాత కళ్ళద్దాన్ని చేతి దూరంలో పట్టుకుని, అందులోంచి దుకాణం ట్యూబ్‌లైటునో తలుపు నిలువు కమ్మీనో చూస్తూ అద్దాన్ని అటూ ఇటూ కదపండి. గీత వంకర పోతూ, పాకుతూ ఉంటే ఆ అద్దం నున్నగా లేదు. అది పెట్టుకుని పూటంతా నీళ్ళలోకి చూస్తే కళ్ళు అలిసిపోతాయి. ఈ రెండు పరీక్షలకీ డబ్బు ఖర్చు కాదు, దుకాణదారుడి మొహం కొద్దిగా మారుతుంది, అంతే.

పోలరైజ్డ్ అంటే కంటికి రక్షణ అని కూడా నేను అనుకునేవాణ్ణి. ఈ అపోహ వల్ల నాకన్నా ఇంకొకరికి ఎక్కువ చెడు జరిగేదే. ఖరీదైన జత చేతికొచ్చిన రోజుల్లో పాత జతని ఊరికే పడేయడమెందుకని కాకాకి ఇచ్చాను. ఆయన ఎడమ కంట్లో ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదకి ఎర్రటి కండ ఒకటి పాకి ఉంటుంది. టెరీజియం అంటారు డాక్టర్లు. ఎండలో, దుమ్ములో, నీటి మెరుపులో బతికే జాలర్లకీ రైతులకీ ఎక్కువగా వచ్చేది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకీ దానికీ దగ్గర సంబంధం ఉంది. అద్దాలిచ్చి నేనేదో పుణ్యం కట్టుకున్నట్టు మురిసిపోయాను. ఆ కిరణాలని ఆపే గుణం వేరు, తళతళని ఆపే గుణం వేరు అని తర్వాత తెలిసింది. అద్దం మీద ‘యూవీ 400’ అని ఉంటే 400 నానోమీటర్ల దాకా ఉన్న ఆ కిరణాల్ని అడ్డుకుంటుందని అర్థం. నల్లగా ఉండి ఈ గుణం లేని అద్దం పెట్టుకుంటే, నలుపుకి కంటిపాప విప్పారుతుంది, ఆ విప్పారిన తలుపులోంచి కిరణాలు లోపలికి పోతాయి. కంటి అద్దాల దుకాణాల్లో చాలాచోట్ల దీన్ని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. కాకా దగ్గర ఆ జత అడిగి తీసుకుని, సిగ్గుపడుతూనే పట్నంలో పరీక్ష చేయించాను. కిరణాలు చాలావరకు దర్జాగా దాటిపోతున్నాయి. ఆ జత అక్కడే చెత్తబుట్టలో వేశాను. ఆయనకి వేరేది, యూవీ 400 ఉన్నది, మీటరు మీద పెట్టించి మరీ కొన్నాను. “పాతదే బాగుండె సారూ, నల్లగుండె” అన్నాడు. నా రోగం ఆయనకీ అంటించానన్నమాట.

ఖరీదైన జత కథ ఇంకా అన్యాయం, ఎందుకంటే దాంట్లో ఏ లోపమూ లేదు. మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. తెచ్చేముందు ఫోన్ చేసి, “మామయ్యా, చాలా రంగులున్నాయి, ఏది తెమ్మంటావ్?” అన్నాడు. “అన్నిటికన్నా నల్లగా ఉండేది తేరా” అన్నాను. బుద్ధిమంతుడు, అన్నమాట ప్రకారం గాఢమైన బూడిదరంగు, పైన నీలం మెరుపు పూత ఉన్నది తెచ్చాడు. తేలిగ్గా గీతలు పడని గాజు. ఫ్రేము లోపలి వైపు ‘క్యాట్ 3’ అని సన్నటి అక్షరాల్లో ఉంది. యూరప్ ప్రమాణాల లెక్కలో చలువ అద్దాల్ని 0 నుంచి 4 దాకా వర్గాలుగా విడగొడతారు. 3వ వర్గం అంటే పడిన వెలుతురులో 8 నుంచి 18 శాతం మాత్రమే లోపలికి వస్తుంది. 2వ వర్గం 18 నుంచి 43 దాకా పోనిస్తుంది. 4వ వర్గం మరీ చీకటి, అది పెట్టుకుని బండి నడపకూడదు. ఆ అక్షరాలు నేను చదవలేదు. ధర చీటీ మాత్రం చాలామందికి చదివి వినిపించాను.

కొర్రమీను చురుగ్గా ఉండేది తెల్లవారుజామునా, పొద్దు వాలాకా. ఆ వేళల్లో తుంగ నీడలో గోధుమరంగు నీళ్ళలోకి ఆ జత పెట్టుకుని చూస్తే బావిలోకి తొంగి చూసినట్టే. తళతళ నిజంగానే పోయింది. తళతళతో పాటు చెరువు కూడా పోయింది. మళ్ళీ పాత పాటే: నీళ్ళు బాగాలేవు, ఈ మధ్య చేప తగ్గింది. ఇన్ని వేలు పోసిన వస్తువులో లోపం వెతకడానికి మనసొప్పదు. రెండు వందల అద్దాన్ని అనుమానించడానికి ఒక వేసవి పడితే, దీనికి అంతకన్నా ఎక్కువ కాలమే పట్టింది.

అదే జతతో ఒకసారి విశాఖ నుంచి పడవలో సముద్రంలోకి వెళ్ళాను. నడినెత్తిన ఎండ, చుట్టూ నీలం, కనుచూపు మేర మెరుపు. అప్పుడు తెలిసింది అది దేనికి తయారైందో. నీటి రంగు మారే గీతలు, అడుగున దూసుకుపోయే నీడలు, తేలే నాచు అంచులు అన్నీ దేనికది విడివిడిగా కనిపించాయి. పడవ నడిపే కుర్రాడు అడిగి పెట్టుకుని, తిరిగివ్వడానికి కాసేపు మొరాయించాడు. అది సముద్రపు అద్దం. దాన్ని నేను ఆకుల చెరువుకి తీసుకెళ్ళి, పనిచేయలేదని అలిగాను.

చెరువులకీ కాలవలకీ రాగిరంగు, లేదా గోధుమరంగు అద్దం మంచిది. అవి నీలి వెలుతురుని తగ్గించి, మట్టి రంగుకీ చేప వీపు రంగుకీ మధ్య ఉన్న సన్నటి తేడాని పైకి లేపుతాయి. బూడిదరంగు అన్ని రంగుల్నీ ఉన్నవున్నట్టు చూపిస్తుంది, కన్ను అలవదు, కానీ ఆ తేడా లేపదు. మబ్బు పట్టిన రోజుకీ మసక వేళకీ పసుపు రంగు కొందరు వాడతారు. నాకు అది పెట్టుకుంటే లోకమంతా కామెర్లు వచ్చినట్టుంటుంది, పడలేదు. నాకు దూరపు చూపుకి పవర్ కూడా ఉంది. కొన్నాళ్ళు పవర్ అద్దాల మీద క్లిప్పు తగిలించుకుని తిరిగాను. రెండు అద్దాల మధ్య వెలుతురు దూరి దాగుడుమూతలాడేది. చివరికి మా వీధి చివర కంటి అద్దాల దుకాణంలోనే, నా పవర్‌కి గోధుమరంగు పోలరైజ్డ్ అద్దం, 2వ వర్గం, పాలీకార్బొనేట్‌లో చేయించుకున్నాను. మేనల్లుడు తెచ్చినదానికి అయిన ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. కాకా చూపించిన చోట కొర్రమీను నా కంటికి మొదటిసారి కనిపించింది దాంట్లోంచే. ఆకు కింద నల్లటి వీపు, కదిలే తోక కొస.

ఫ్రేము గురించి ఒక మాట. పక్కల నుంచి వెలుతురు దూరే సన్నటి ఫ్యాషన్ ఫ్రేము కొంటే అద్దం ఎంత మంచిదైనా సగం వృథా. పక్కన దూరిన వెలుతురు అద్దం వెనక వైపు పడి మన కంటినే మనకి చూపిస్తుంది. కణతల దాకా చుట్టుకునే ఫ్రేము కావాలి. దాని పైన అంచు ఉన్న టోపీ, ఆ అంచు అడుగు భాగం ముదురు రంగుది. తెల్ల టోపీ పెట్టుకుంటే నీటి మెరుపు అంచు అడుగున పడి అద్దాల్లోకి దిగుతుంది. పైసా ఖర్చు లేని సవరణ ఇది, నాకు అందరికన్నా ఆలస్యంగా తెలిసింది.

పాలీకార్బొనేట్ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, రబ్బరు కప్పకి వెనక రెండు ముళ్ళుంటాయి. గుర్రపుడెక్కలో ఇరుక్కుంటే మనం చేసే మొదటి పని రాడ్డు వంచి గట్టిగా గుంజడం. నేనూ అదే చేశాను. ఊడిన కప్ప సూటిగా మొహానికే వచ్చి ఎడమ అద్దం మీద టప్పున తగిలింది. అద్దం మీద సన్నటి గుంట మిగిలింది, కన్ను మిగిలింది. గాజు అద్దం చూపు బాగా తేటగా ఇస్తుంది, తేలిగ్గా గీతలు పడవు, కానీ బరువు, దెబ్బ తగిలితే పగిలే ప్రమాదం ఉంది. గాలం విసిరేవాడికి పగలని అద్దమే కావాలి. ఇరుక్కున్నప్పుడు రాడ్డు కొస కిందకి దించి, మొహం పక్కకి తిప్పుకుని, దారాన్ని చేతికి గుడ్డ చుట్టుకుని మెల్లగా లాగాలి. పక్కన నిలబడ్డ పిల్లల కళ్ళకీ ఏదో ఒక అద్దం ఉండాలి. పోలరైజ్డ్ కాకపోయినా ఫరవాలేదు.

మంచివి కొన్నాక వాటిని పాడుచేసే విద్యలు కూడా ఒక్కొక్కటే నేర్చుకున్నాను. చొక్కా కొసతో తుడవడం మొదటిది. చెరువు దగ్గర అద్దం మీద ఉండేది దుమ్ము ఒకటే కాదు, సన్నటి ఇసుక. పొడిగా తుడిస్తే ఆ ఇసుకే ఉప్పుకాగితం అవుతుంది. సముద్రం దగ్గరైతే ఎండిన ఉప్పు పలుకులు అదే పని చేస్తాయి. ముందు నీళ్ళు పోసి కడిగెయ్యాలి. తర్వాత గిన్నెలు తోమే పల్చటి ద్రవం ఒక చుక్క వేసి వేలి కొసలతో మెల్లగా రుద్ది, మళ్ళీ కడిగి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. ఆ గుడ్డని కూడా అప్పుడప్పుడు ఉతకాలి. నేను దాన్ని చేపల సంచిలో పెట్టి, దాని జిడ్డంతా అద్దానికి పూసేవాణ్ణి. నల్గొండ బోరు నీళ్ళతో కడిగి గాలికి ఆరబెడితే తెల్ల మచ్చలు పడతాయి, ఆ మచ్చల్ని గోకితే పూత లేస్తుంది. క్యాన్ నీళ్ళు వాడితే ఈ గొడవ లేదు.

శానిటైజరు, అద్దాల కిటికీలు తుడిచే ద్రవం, వేడినీళ్ళు, ఇవేవీ ఆ పూతలకి పడవు. దోమలకి ఒంటికి రాసుకునే మందుల్లో డీట్ అనేది ఉంటే అది ప్లాస్టిక్‌ని మెత్తబెడుతుంది. సాయంత్రం దోమలు ముసిరితే చేతులకి మందు రాసుకుని అదే వేళ్ళతో అద్దం సర్దుకున్నాను. మర్నాటికి ఫ్రేము మీద నా వేలిముద్రలు శాశ్వతంగా అచ్చు పడ్డాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం మాత్రం కారుది. మే నెలలో చెరువు గట్టున కారు ఆపి, అద్దాలు డ్యాష్‌బోర్డు మీద వదిలి, ఊళ్ళోకి భోజనానికి వెళ్ళాను. వచ్చి చూస్తే అంచుల దగ్గర బుడగలు. పోలరైజ్డ్ అద్దం పొరల మీద పొరలు అంటించిన వస్తువు. వేడికి జిగురు సడలి పొరలు విడిపోతే దాన్ని బాగుచేయడం ఎవరి వల్లా కాదు. ఇప్పుడు మెడకి తాడు, ఆ తాడుకి తేలే బెండు ముక్క, తీసినప్పుడు గట్టి పెట్టె, ఇవి లేకుండా అద్దాలు ఇల్లు దాటవు. తాడు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మేనల్లుడు తెచ్చిన జత ప్రస్తుతం చెరువు అడుగున ఉంది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అద్దం నీటి మీది మెరుపునే తీస్తుంది, నీటిలోని మట్టిని తీయదు. తొలకరి వరదకి ఎర్రబడ్డ చెరువులో ఏ దేశపు అద్దం పెట్టుకున్నా కనిపించేది ఎరుపే. ఆ రోజుల్లో కొత్త అద్దాలు కొనమని చెప్పేవాడు మీ మేలు కోరేవాడు కాదు.

నీరు తేరుకున్నాక కనిపించేవాటిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఎర్రటి మరక ఒకటి. మంచి అద్దాలు వచ్చిన తొలి వానాకాలంలో, తుంగ పక్కన నీటి పైపొరలో నారింజ ఎరుపు రంగులో ఒక గుంపు బుసబుసమంటూ కదులుతూ కనిపించింది. కొర్రమీను పిల్లలు. వాటి కింద కొద్ది లోతులో కాపలా తిరుగుతున్న తల్లిదండ్రుల నల్లటి వీపులు కూడా అద్దాల పుణ్యమా అని స్పష్టంగా కనిపించాయి. పిల్లల మీదకి ఏది వచ్చినా ఆ పెద్దచేప ఎగబడి కొడుతుంది. కప్ప విసిరాను, మొదటి విసురుకే కొట్టింది. నా జీవితంలో అంత సులువుగా పట్టిన పెద్ద కొర్రమీను లేదు. ఫోటోలు దిగాను. కాకా మాట్లాడలేదు. తర్వాత అటు వెళ్ళినప్పుడు “గా పిల్లలన్నీ పోయినయ్ సారూ. జెల్లలు తిన్నయ్” అన్నాడు. 2016లో తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనుని రాష్ట్ర చేపగా ప్రకటించింది. దాని గంపెడు పిల్లలకి కాపలా లేకుండా చేసింది నేను.

మంచి జత కొంటే ఈ జూన్ తర్వాత మీకూ ఆ ఎర్రటి గుంపు తప్పకుండా కనిపిస్తుంది. కనిపిస్తే గాలం చుట్టేసి వేరే ఒడ్డుకి వెళ్ళండి.